డ్రైవరుతో మాట్లాడరాదు

పోయిన నెల గుడివాడలో మా పిన్ని కూతురి పెళ్లికని బందరులో బస్సెక్కాను. అదృష్టవశాత్తూ ముందు సీటు దొరికింది. కూర్చుని తలెత్తితే డ్రైవరు నెత్తి మీద ఎర్ర అక్షరాలతో "డ్రైవరుతో మాట్లాడరాదు" అని కనిపించింది. నాకు నవ్వాగలేదు. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. పక్క సీటావిడ ఒకసారి బోర్డు వంక, ఒకసారి నా వంక చూసి, సంచీ ఒళ్లోకి లాక్కుని కిటికీ వైపు జరిగిపోయింది. ఆవిడ తప్పేం లేదు. అందులో నవ్వాల్సింది ఏముందో చెప్పాలంటే ముందు చిలకలపూడిలో మేమున్న వీధి గురించి చెప్పాలి. ఆ వీధిలో ఇంజనూ చక్రాలూ లేకుండా తిరిగిన ఒక బస్సు గురించి, దాని కండక్టరు గురించి చెప్పాలి. గుడివాడ వచ్చేలోగా తేలే వ్యవహారం కాదు. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

ఆయన పేరు వీధిలో ఎవరికీ తెలియదు. పెద్దవాళ్లకి కండక్టరుగారు, పిల్లలకి కండక్టరు తాతయ్య, నాకు బాబాయిగారు. వాళ్లావిడకి, అంటే నేను పిన్నిగారని పిలిచే ఆవిడకి, "ఏవండీ". మేము ఆ వీధిలో అద్దెకి దిగిన కొత్తలో పరిచయం చేసుకుందామని నేనే వెళ్లి, "మీ పేరేంటండీ?" అని అడిగాను. ఆయన ఒకడుగు వెనక్కి వేశారు.

"ఎందుకమ్మాయ్, కంప్లయింటు రాస్తావా?"

"అయ్యో, అదేం లేదండీ. ఊరికే అడిగాను."

"కండక్టరు పేరు ఊరికే ఎవరూ అడగరమ్మా. నా సర్వీసులో నా పేరడిగినవాడెవడూ కాఫీ ఇప్పించడానికి అడగలేదు. కాగితం, పెన్నూ తీశాకే అడిగాడు," అన్నారు. నేను మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఆయన బస్సు దిగి రెండేళ్లయినా ఆయన ఒంట్లోంచి మాత్రం బస్సు దిగలేదు. ఎక్కడ నిలబడినా కాళ్లు ఎడంగా పెట్టి, నేల ఇప్పుడో ఇంకాసేపట్లోనో కదులుతుందన్నట్టు నిలబడేవారు. మాట్లాడుతుంటే కుడి చెయ్యి దానంతటదే పైకి లేచి ఏదో ఒకటి పట్టుకునేది. గుమ్మం పైకమ్మో, బట్టల తాడో, ఏదీ అందకపోతే ఎదుటివాడి భుజమో. మెడలో నల్లతాడుకి విజిలు వేలాడుతుండేది. సంచీ, టిక్కెట్ల పెట్టె అన్నీ డిపోలో అప్పజెప్పి వచ్చిన మనిషి విజిలు మాత్రం ఇవ్వలేదు. "ఎంగిలి వస్తువు, ఎవరికిస్తాం?" అనేవారు.

పెళ్లికి వెళ్తే భోజనాల పందిరి దగ్గర నిలబడి "ముందుకు జరగండి, లోపలంతా ఖాళీ, ముందుకు జరగండి" అని జనాన్ని లోపలికి నెట్టేవారు. మగపెళ్లివాళ్లు ఆయన ఆడపెళ్లివారి మనిషనీ, ఆడపెళ్లివాళ్లు మగపెళ్లివారి మనిషనీ అనుకుని గౌరవించేవాళ్లు. పరామర్శకి వెళ్లినా అంతే. మా వీధిలో ఒక పెద్దాయన పోయినప్పుడు జనం గుమ్మంలో గుంపుకట్టి ఏడుస్తుంటే ఈయన వెనకనుంచి, "లోపలికి జరగాలమ్మా, దిగేవాళ్లకి దారివ్వాలి" అన్నారు. ఏడుస్తున్నవాళ్లు ఏడుస్తూనే జరిగారు.

ఇంకో సంగతి. సెలవుకి వచ్చిన వాళ్లబ్బాయి తండ్రి గదిలో గడగడలాడే ఫ్యానుని ముచ్చటపడి బాగుచేయించి వెళ్లాడు. అంతే, బాబాయిగారికి మధ్యాహ్నం నిద్ర పోయింది. నాలుగు పూటలు కళ్లు తెరుచుకుని పడుకుని, చివరికి మళ్లీ ఆ మెకానిక్కునే పిలిపించి, "బోల్టు కాస్త వదులు చెయ్యి బాబూ, పాత బండి మోత రావాలి" అని బతిమాలుకున్నారు. ఆ కుర్రాడు ఎలాంటి రిపేరైనా చేశాడుగానీ బాగున్నదాన్ని పాడుచెయ్యడం అదే మొదలట.

పిల్లల మీద ప్రేమతో ఆయన బస్సాట మొదలుపెట్టారని రాస్తే బాగుండేది. కాని అసలు కారణం పిన్నిగారి సీరియలు. సరిగ్గా ఆ వేళకి ఈయన టీవీకి అడ్డంగా నిలబడి, సీరియల్లో గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చే కోడల్ని కూడా లోపలికి జరగమనేవారు. పిన్నిగారు ఎంతని ఓర్చుకుంటారు? ఒక సాయంత్రం, "మీరు కాసేపు బయటికెళ్లి ఆడుకోండి" అని ఆయన్ని బయటికి పంపి తలుపేసుకున్నారు. మా వీధిలో ఆడుకోమని బయటికి తరిమింది ముందు ఆయన్నే.

అరుగు మీద ఊరికే కూర్చోలేక ఆయన నూతి దగ్గరున్న కొబ్బరితాడు తెచ్చి, రెండు కొసలూ ముడేశారు. వీధిలో పిల్లల్ని తాడు లోపల నిలబెట్టి, రెండు చేతులతో తాడు పట్టుకోమన్నారు. ముందు డ్రైవరు, ఆఖర్న తను. రూటు ఆయన ఏళ్ల తరబడి తిరిగిన బందరు నుంచి నాగాయలంక. మున్సిపాలిటీ కుళాయి బందరు. నగలకి పూత పెట్టే షెడ్డు చల్లపల్లి. వేపచెట్టు మోపిదేవి. మురుగుకాలవ మీది బండ పులిగడ్డ. మా ఎదురింటి రాజ్యలక్ష్మిగారి గేటు అవనిగడ్డ. వీధి చివర కిళ్లీకొట్టు నాగాయలంక. చింతపిక్క ఇస్తే బాదం ఆకు చించి టిక్కెట్టు ఇచ్చేవారు. అరుగుల మీద కూర్చుని రోల్డ్ గోల్డ్ గొలుసులు అల్లే తల్లులకి ఆ గంటసేపూ ప్రాణం హాయిగా ఉండేది.

ఆ తల్లుల్లో నేను లేను. మా హారిక గేటు దాటేది కాదు మరి.

దానికి అప్పుడు అయిదేళ్లు. ఇంట్లో వాగుడుకాయ. కాకపోతే కాస్త నత్తి. కొన్ని మాటలు మొదట్లోనే పట్టుకుంటాయి, అందులోనూ 'హ' దగ్గర మరీ ఎక్కువ. ఇలాగని ముందే తెలిస్తే పేరు ఏ లక్ష్మి అనో పెట్టి ఉండేదాన్ని. ఒకసారి బయటికి వెళ్తే పిల్లలందరూ చుట్టూ మూగి పేరేంటని అడిగారు. ఇది "హ... హ..." అంటూ ఆగిపోయింది. పక్కవీధి చంటిగాడు "హహ్హహ్హ" అని దీన్ని వెక్కిరించాడు. వాడికీ ఆరేళ్లే, వాణ్ణి ఏమనుకుంటాం? ఇది లోపలికి వచ్చి మళ్లీ బయటికి వెళ్లనంది. టీవీలో కార్టూన్లు, కిటికీ ఊచలు, అంతే దాని లోకం.

నేను చెయ్యని ప్రయత్నం లేదు. బంతి కొంటే తీసుకెళ్లి మంచం కింద ఆడుకుంది. స్కిప్పింగు తాడు కొంటే దాంతో బొమ్మని కిటికీకి కట్టేసింది. మూడు చక్రాల సైకిలు కొంటే భోజనాల బల్ల చుట్టూ తొక్కింది. మా అత్తగారి సాయం ఎలాగూ దానికే. "బయటేముందే? ఎండ, దుమ్ము, కుక్కలు, ఊళ్లోవాళ్ల కళ్లు. పిల్ల కళ్లెదురుగా ఉంటే నీకొచ్చిన నష్టమేంటి?" అనేవారు.

నష్టం ఆ వేసవి మొదట్లో తెలిసింది. బడిలో చేర్పిద్దామని తీసుకెళ్తే హెడ్‌మిస్ట్రెస్‌గారు నవ్వుతూనే "వాటీజ్ యువర్ నేమ్?" అన్నారు. హారిక నా కుచ్చిళ్లలో దూరింది. తెలుగులో అడిగారు. ఇంకా లోపలికి దూరింది. "జూన్‌లో మళ్లీ తీసుకురండమ్మా. పేరు చెప్తే చాలు, ఇంకేం అడగను. చెప్పలేకపోతే మాత్రం ఇంకో ఏడాది ఆగుదాం" అన్నారావిడ.

ఇక చూస్కోండి. ఇంటిల్లిపాదీ ట్యూషను మాస్టర్లమైపోయాం. మా వారు చెప్పులేసుకుంటూ "పేరేంటమ్మా?" అత్తగారు జడ వేస్తూ "పేరేంటే తల్లీ?" నేను అన్నం కలుపుతూ అదే ప్రశ్న. ఈ సంగతి బయటికి పొక్కి పాలు పోసే ఆయనా, గ్యాసు బండ తెచ్చినతనూ కూడా అడిగి వెళ్లేవాళ్లు. దాంతో అంతకుముందు ఇంట్లో ధైర్యంగా అనే మాటలు కూడా మానేసింది. బందరు హల్వా అంటే ప్రాణం పెట్టే పిల్ల, ఆ మాట 'హ'తో మొదలవుతుందని వేలితో డబ్బా చూపించడం మొదలుపెట్టింది. ఆ రోజు నాకు నిజంగా భయం వేసింది. వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

ఇది జరిగిన రెండు మూడు రోజులకే అవనిగడ్డ గొడవ వచ్చింది.

మా అత్తగారిది అవనిగడ్డ. కాపురానికి వచ్చి నలభై ఏళ్లు దాటినా ఆవిడ లెక్కలో ఊరంటే అవనిగడ్డే, మిగతావన్నీ మధ్యలో వచ్చే స్టాపులు. ఆ సాయంత్రం వీధిలో కండక్టరుగారు "అవనిగడ్డ, అవనిగడ్డ, దిగేవాళ్లు దిగాలి!" అని కేక పెడుతుంటే ఆవిడ చెవిన పడింది. అన్నగారొచ్చినంత సంబరంగా వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చారు. చూస్తే బస్సు ఎదురింటి గేటు ముందు ఆగి ఉంది.

"ఏమయ్యా కండక్టరూ, అవనిగడ్డ అక్కడుందేమిటి?"

"స్టాపండీ అక్కయ్యగారూ."

"స్టాపని తెలుస్తూనే ఉంది. ఆ రాజ్యలక్ష్మిది పామర్రు. అవనిగడ్డ మొహం ఎప్పుడైనా చూసిందా ఆవిడ? పుట్టి పెరిగినదాన్ని నేనిక్కడుంటే మా ఊరు తీసుకెళ్లి వాళ్ల గుమ్మంలో పెడతావా? మా గేటు ముందు పెట్టు."

"ఆ గేట్లో ముగ్గురెక్కుతారండీ. మీ గేట్లో ఎక్కేవాళ్లేరీ? ఎక్కేవాళ్లు లేని చోట బండి ఆపితే రేపు పైవాళ్లకి నేను సమాధానం చెప్పుకోవాలి."

"ఏ పైవాళ్లయ్యా? నువ్వు రిటైరయ్యావుగా?"

"నేను రిటైరయ్యానండీ, రూలు అవలేదు. పోనీ, మీరు అంతగా అంటున్నారు కాబట్టి మీకు రిక్వెస్టు స్టాపు ఇస్తాను. చెయ్యెత్తితే ఆపుతాను. అవనిగడ్డ పేరు మాత్రం ఇవ్వలేను."

రిక్వెస్టు స్టాపు! మా అత్తగారు ఆ రాత్రి మజ్జిగ తాగి పడుకున్నారు. మర్నాడు సాయంత్రం చూద్దును కదా, ఏడాదిగా పిల్లని గడప దాటనివ్వని మనిషి, తనే దాని మొహం కడిగి, పౌడరు రాసి, రెండు జడలు వేసి గేటు దగ్గర నిలబెట్టారు. "వెళ్లి ఎక్కవే నా తల్లీ. మన ఊరు పరాయివాళ్ల గుమ్మంలో ఉంది" అని బతిమాలుతున్నారు.

బస్సు వచ్చింది. అప్పట్లో డ్రైవరు చంటిగాడు. నోటితో హారను కొడుతూ వచ్చి ఆగాడు. పిల్లలు అలవాటు ప్రకారం "ఏయ్, నీ పేరేంటి? పేరేంటి?" అని మొదలుపెట్టారు. హారిక గేటు ఊచలు రెండు చేతులా పట్టుకుంది. చంటిగాడు "హ" అనడానికి నోరు తెరిచాడు.

వెనకనుంచి విజిలు పడింది. బాబాయిగారు ముందుకు వచ్చారు. అందరిలాగే "ఏమ్మా, పేరేంటి?" అంటారనుకున్నాను. ఆయన దాని వంక చూడనైనా చూడలేదు.

"అమ్మాయ్, ఓ అట్టముక్కా, స్కెచ్ పెన్నూ ఉంటే ఇవ్వు," అన్నారు నాతో.

పాత క్యాలెండరు అట్ట ఇచ్చాను. దాని మీద పెద్ద అక్షరాలతో రాసి, తాడు ముందు భాగానికి కట్టారు. చదవడం వచ్చిన పిల్లలు కూడబలుక్కుని చదివారు. "డ్రైవరుతో... మాట్లాడ... రాదు."

"ఈ పూట నుంచి రూలు. డ్రైవరుని పలకరించినవాళ్లని పులిగడ్డలో దింపేస్తాను. బండ మీద కాదు, కాలవలో," అన్నారు బాబాయిగారు.

"డ్రైవర్ని నేనే కదా, నాతో ఎవరూ మాట్లాడకూడదా?" అన్నాడు చంటిగాడు ఏడుపు మొహంతో.

"నీకు ప్రమోషనొచ్చిందిరా. నువ్వు క్లీనరువి."

"క్లీనరంటే ప్రమోషనా?"

"క్లీనరు ఎంత కావాలంటే అంత అరవచ్చు. డ్రైవరు నోరు మూసుకుని బండి నడపాలి. ఏది కావాలో నువ్వే చెప్పు."

చంటిగాడు ఆలోచించుకోకుండా క్లీనరైపోయాడు. బాబాయిగారు తాడు ముందు భాగం తీసుకొచ్చి హారిక పక్కన గేటు కొక్కేనికి తగిలించి, ఒక్క మాట లేకుండా వెనక్కి నడిచారు.

"ఆడపిల్ల డ్రైవరేంటి తాతయ్యా?" అన్నాడు మధ్యలో ఎవడో.

"నువ్వు పాసింజరువా, డిపో మేనేజరువా?"

ఈలోగా మా అత్తగారు లోపలికి పరిగెత్తి పిండి జల్లెడ తెచ్చి, "అవనిగడ్డ బండికి స్టీరింగు లేకపోతే ఎలా?" అని మనవరాలి ముందు పట్టుకున్నారు.

బాబాయిగారు విజిలు వెయ్యలేదు. మనుషుల్ని ఒక్క క్షణం నిలబడనివ్వని మనిషి, కరెంటు స్తంభానికి చెయ్యి ఆన్చి, కాళ్లు ఎడంగా పెట్టి, ఆకాశం వంక చూస్తూ నిలబడ్డారు. తాడులో ఉన్నవాళ్లు కాలవకి భయపడి కిక్కురుమనలేదు. నాకు ప్రాణం ఆగలేదు. "వెళ్లమ్మా" అనబోయాను. మా అత్తగారు నా జబ్బ మీద గట్టిగా గిల్లారు.

"డ్రైవరుతో మాట్లాడకూడదే!"

హారిక ఒక చెయ్యి వదిలింది. జల్లెడ పట్టుకుంది. కాసేపాగి రెండో చెయ్యి వదిలింది. రెండు విజిళ్లు పడ్డాయి. బస్సు కదిలింది. నాగాయలంక దాకా వెళ్లి, మళ్లీ బందరు దాకా వెళ్లి, మోకాళ్ల దాకా దుమ్ముతో ఇంటికి వచ్చిన నా కూతుర్ని చూసుకుని, ఆ దుమ్ము కడగబుద్ధి కాలేదు నాకు.

ఆ మర్నాటి నుంచి అవనిగడ్డ మా గేటు ముందుకు మారింది. రాజ్యలక్ష్మిగారి గేటు రిక్వెస్టు స్టాపు అయింది. ఆవిడ మాతో చాలా రోజులు మాట్లాడలేదు. హారిక మాత్రం ఎండ వాలకముందే జల్లెడతో గేటు దగ్గర సిద్ధం. మోకాళ్లు చెక్కుకుపోయేవి. కుక్కలూ దుమ్మూ అన్న అత్తగారే వాటికి పసుపు అద్ది, "డ్రైవరుద్యోగమంటే మాటలా?" అని ఇరుగుపొరుగుతో గొప్పలు పోయేవారు. ఇంట్లో జల్లెడ లేక నేను పిండి జల్లించడం మానేశాను.

కొన్నాళ్లు పోయాక నేనొకటి గమనించాను. బాబాయిగారు దానితో ఒక్క మాట కూడా మాట్లాడరు. వీధి కుక్కని కూడా పలకరించకుండా వదలని మనిషి! ఒక విజిలైతే ఆగాలి, రెండైతే కదలాలి, అంతే వాళ్లిద్దరి మధ్య భాష. అది కూడా డ్రైవర్లని చూసి చెయ్యి పక్కకి చాపడం నేర్చుకుంది. అది చెయ్యి చాపితే సైకిళ్లు ఆగేవి. ఒకసారి నిజం ఆటో కూడా ఆగింది. మాట మాత్రం లేదు. జూన్ దగ్గరపడుతోంది. ఆడుకుంటోంది, సంతోషమే, కాని పేరు ఎప్పుడు చెబుతుంది అని నాకు లోపల పీకుతూనే ఉండేది.

ఒకరోజు మా అత్తగారికి తమలపాకులు నిండుకున్నాయి. "ఎలాగూ బస్సు నాగాయలంక వెళ్తోందిగా" అని చింతపిక్క ఇచ్చి టిక్కెట్టు తీసుకుని తాడులోకి దిగారు. ఆవిడ కాస్త నిండైన మనిషి. ఒక కాలు లోపల పెట్టారు, రెండో కాలి చెప్పు బయట ఊడిపోయింది. దానికోసం వంగారు. చివర్నున్న బాబాయిగారికి ఆవిడ వీపు తప్ప ఇంకేం కనిపించలేదు. అందరూ ఎక్కేశారనుకుని రెండు విజిళ్లు వేసేశారు. పిల్లలు లాగారు. తాడు బిగిసింది. హారిక వెనక్కి తిరిగి చూసింది.

"హో... హో... హో..."

బస్సంతా దాని వైపు తిరిగింది. అరుగుల మీద గొలుసులు అల్లేవాళ్లు చేతిలో పని ఆపి చూశారు. చంటిగాడి నోరు తెరుచుకుంది. వాడు బోర్డు వంక చూసి నోరు మూసుకున్నాడు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఆ మాట అందించలేదు. అందిస్తే కాలవ.

"హో... హోల్డాన్! నాయనమ్మ ఎక్కలేదు!"

వీధంతా వినబడింది. ఒక్క పొడుగాటి విజిలు పడింది. బస్సు ఆగింది.

"తాతయ్యా! డ్రైవరు మాట్లాడింది!" అన్నాడు చంటిగాడు.

"మాట్లాడితే?"

"మాట్లాడకూడదని మీరే రాశారుగా!"

"సరిగ్గా చదవరా. డ్రైవరుతో మనం మాట్లాడకూడదు. డ్రైవరు మనతో మాట్లాడకూడదని ఎక్కడ రాసుంది?"

మా అత్తగారు ఒక కాలికి చెప్పు లేకుండానే నడివీధిలో నిలబడి కళ్లు తుడుచుకుంటూ, "అవనిగడ్డ రక్తం! ఊరికే పోతుందా!" అన్నారు. నేను గేటు పట్టుకుని ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

ఆ రోజు నుంచి దానికి పట్టపగ్గాల్లేవు. చుట్టూ జనం ఉండి, తను ఏమైనా అనొచ్చు, తిరిగి ఒక్కరూ ఏమీ అనడానికి లేదు. అలాంటి కొలువు ఏ పిల్లకి దొరుకుతుంది? స్టాపుల పేర్లు అదే చెప్పేది. తోసుకునేవాళ్లని కేకలేసేది. 'హ' దగ్గర ఆగితే బస్సూ ఆగేది, రైలు గేటు పడ్డప్పుడు ఆగినట్టు. గేటు లేవగానే కదిలేది. పిల్లలకి అది కూడా ఆటలో భాగమైపోయింది.

జూన్‌లో మళ్లీ బడికి వెళ్లాం. "వాటీజ్ యువర్ నేమ్?" అన్నారు హెడ్‌మిస్ట్రెస్‌గారు. ఇది "హ..." అని ఆగింది. ఆవిడ మంచావిడ కదా, సాయం చేద్దామని "హేమా? హారతా?" అని మొదలుపెట్టారు. హారిక కుడి చెయ్యి పక్కకి చాపింది. వెనకొచ్చే లారీకి డ్రైవరు చాపే చెయ్యి అది. ఎందుకు ఆగారో ఆవిడకే తెలియకుండా ఆగిపోయారు. "హ... హారిక," అని చెప్పి, దారిచ్చినట్టు చెయ్యి ఊపింది నా కూతురు. సీటు వచ్చింది.

ఆ తర్వాత ఎన్ని వేసవులు ఆ బస్సు తిరిగిందో. డ్రైవర్లు మారారు. క్లీనరు చంటిగాడికి మీసాలు వచ్చాయి. జల్లెడ మళ్లీ వంటింటి మొహం చూడలేదు. హారిక కాలేజీకని గుడివాడ నిజం బస్సులో వెళ్లి రావడం మొదలుపెట్టింది. దాని నత్తి పోలేదు, ఇప్పటికీ ఉంది. అది పోవాలని కోరుకోవడం మేమే మానేశాం.

బస్సు దిగి ఇంటికి వస్తూ రోజూ బాబాయిగారి అరుగు దగ్గర ఆగి, ఆ పూట డ్రైవరెలా తోలాడో, కండక్టరు ఎవరితో పోట్లాడాడో అన్నీ చెప్పేది. నచ్చితే ఆయన రెండు విజిళ్లు వేసేవారు, నచ్చకపోతే ఒకటి. మాట మాత్రం లేదు. ఉండబట్టలేక ఒకసారి అడిగాను.

"అదేంటి బాబాయిగారూ, లోకంలో అందరితో మాట్లాడతారు, దానితో మాట్లాడరేం?"

"రూలమ్మాయ్. బోర్డు ఎవరూ తియ్యలేదుగా," అన్నారు. నిజమే, ఆ క్యాలెండరు అట్ట వాళ్ల వసారా గోడకి ఇంకా వేలాడుతూనే ఉంది.

ఆఖర్న ఆయనకి ఆయాసం ఎక్కువైంది. వసారాలో మంచం వేశారు. గదిలో ఫ్యాను తెచ్చి అక్కడ బిగించారు, ఆ వదులు బోల్టుతో సహా. చూడ్డానికి వచ్చినవాళ్లు గుమ్మంలో తటపటాయిస్తుంటే పడుకునే చెయ్యి ఊపుతూ లోపలికి జరగమనేవారు. ఒక సాయంత్రం నేనూ, హారికా వెళ్లాం. అది ఎప్పటిలాగే మంచం పక్కన కూర్చుని, ఆ రోజు బస్సు పామర్రు దగ్గర ఆగిపోతే జనమంతా దిగి తోసిన కథ చెప్పింది. ఆయన విజిలు నోట్లో పెట్టుకున్నారు. గాలి వచ్చిందిగానీ మోత రాలేదు. మళ్లీ ఊదారు. రాలేదు.

మెడలోంచి నల్లతాడు తీసి విజిలు హారిక చేతిలో పెట్టారు. గోడ వైపు చూపించి, "అది తీసెయ్" అన్నారు పిన్నిగారితో. ఆవిడ బోర్డు తీసి పక్కన పెట్టారు.

"డ్యూటీ దిగిపోయానమ్మా," అన్నారు. హారికతో ఆయన అన్న మొదటి మాట అది. కాస్త ఊపిరి తీసుకుని, అప్పుడు అడిగారు.

"నీ పేరేంటి?"

ఆ పేరు వీధిలో ఎవరికి తెలియదు? రోజుకి ఎన్నిసార్లు నేనే గేటు దగ్గర నిలబడి అరిచేదాన్ని! అయినా ఆయన నిజంగా తెలియనివాడిలాగే అడిగారు. హారిక నోరు తెరిచింది. "హ..." దగ్గర పట్టేసింది. మిగతా పేరు నా నాలుక చివరి దాకా వచ్చింది. చూస్తే ఆయన అప్పటికే పైకి చూస్తున్నారు, ఆ రోజు స్తంభానికి ఆనుకుని ఆకాశంలోకి చూసినట్టే. ఏ తొందరా లేదు. ఫ్యాను గడగడలాడుతోంది. నేను నోరు మూసుకున్నాను.

"హ... హారిక, తాతయ్యా."

"బాగుంది," అన్నారు.

"మరి మీ పేరు?"

ఆయన మొహమంతా నవ్వు. "ఎందుకూ, కంప్లయింటు రాస్తావా?" అన్నారు. హారిక వంగి చెవి పెట్టింది. ఏదో చెప్పారు. అది కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

ఆ వారంలోనే పోయారు. ఆ రోజు జనం గుమ్మంలోనే గుంపుకట్టి నిలబడిపోయారు, లోపలికి జరగమనే మనిషి లేడుగా. చివరికి మా అత్తగారే ముందుకు వెళ్లి, ఏడుపు మింగుకుంటూ, "లోపలికి జరగండమ్మా, లోపలంతా ఖాళీ" అన్నారు. అందరూ జరిగారు.

పెద్దకర్మ కార్డు మీద ఆయన పేరు మొదటిసారి చూశాను. ఎవరో ముక్కూమొహం తెలియని పెద్దమనిషి పేరులా ఉంది. హారిక దగ్గరికి తీసుకెళ్లి, "ఆ రోజు నీ చెవిలో చెప్పింది ఇదేనా?" అని అడిగాను.

అది కార్డు వంక చూడలేదు. మెడలో విజిలు సర్దుకుని, తీరిగ్గా, ఆగాల్సిన చోట ఆగుతూ అంది.

"క... కంప్లయింటు రాస్తావా అమ్మా?"